ఊరంతా మోగిన గొంతు

ఆ రోజు ఎలా గడవాలో కూతురు ముందే పక్కాగా అనుకుంది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లడం, నీళ్ల సరఫరా సంస్థలో పాత కంప్యూటర్లో ఉన్న సమాచారమంతా కొత్త కంప్యూటర్లోకి మార్చడం, మధ్యాహ్నం పైవాళ్ల ముందు నిలబడి "సాఫీగా అయిపోయిందండీ" అనడం, సాయంత్రం ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకోవడం. నెలల తరబడి ఈ పని మీదే కూర్చుంది. ఏది ముందు కదలాలో, ఏది వెనక కదలాలో, ఎక్కడ తేడా వస్తే ఎక్కడికక్కడ ఎలా ఆపాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇది సాఫీగా జరిగితే ఖాయమవుతుంది. జరగకపోతే ఏమవుతుందన్న సంగతి తల్లి ఒక్కతే ఆలోచించింది. ఆ ఇంట్లో అలాంటివి ఆలోచించే పని ఎప్పుడూ ఆమెదే.

"మధ్యలో కరెంటు పోతేనో?"

"జనరేటర్ ఉందమ్మా."

"అది మొరాయిస్తేనో?"

"బ్యాటరీలున్నాయి."

"అవి కూడా పోతే?"

"అప్పుడు నేనూ పోతాను. సరేనా?"

"అవేం మాటలే పొద్దున్నే!" అని తల్లి కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కూతురు ఆ చేతి సందులోంచే రొట్టెముక్క నోట్లో కుక్కుకుంది.

"ఇంతకీ మార్చేదేమిటే?"

"అన్నీను. ఎవరింట్లో ఎంత నీళ్లు వాడారు, ఎవరి ఫోన్ నంబర్ ఏమిటి, అన్నీ. రేపు నీళ్లు రావని ఫోన్లో ఒకావిడ చెబుతుంది చూడు, ఆవిడ కూడా కొత్తదాంట్లోకి మారుతుంది."

"పాపం, ఆవిడకి చెప్పారా?"

"ఆవిడ మనిషి కాదమ్మా. ఉత్త గొంతు."

మనిషి లేకుండా గొంతు ఒక్కటే ఊరిమీద తిరుగుతుందన్న ఊహ తల్లికి నచ్చలేదు. అడుగుదామనుకునేలోపే కూతురు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. కిటికీలోంచి చూస్తే వీధినిండా మంచు. కూతురు ఆ మంచులోకి నడిచింది. ముందు కాళ్లు, తర్వాత సంచి, చివరికి తల కనపడకుండా పోయాయి. తల్లికి అదేమీ మంచి శకునంలా అనిపించలేదు.

కాసేపు ఆగింది. పిల్లని విసిగించకూడదని గట్టిగా అనుకుంది. గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. ఇక ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"ఏమ్మా!" అంది కూతురు. ఆ చివరి అక్షరంలోనే విసుగంతా ఉంది.

"ఏం లేదే, ఊరికే. ఏం చేస్తున్నావు?"

"ఒక్క చిన్న పని మిగిలింది. అది చేసేసి మీట నొక్కడమే. పెట్టెయ్."

"చిన్న పనంటే? షాక్ కొట్టేదేమీ కాదు కదా? చేతులు తడిగా లేవు కదా?"

వెనకనుంచి ఎవరో మగగొంతు "అమ్మాయ్, నొక్కెయ్యమంటావా?" అనడం వినపడింది. "లేవమ్మా, తడిగా లేవు! ఆ ఆ, నొక్కెయ్యండి," అని ఇద్దరికీ కలిపి ఒకేసారి జవాబిచ్చి కూతురు పెట్టేసింది.

ఇల్లు చల్లబడినట్టయింది. వంటింట్లో కొళాయి చుక్కచుక్కగా కారుతోంది. తల్లి దాన్ని బిగించబోతుండగా ఫోన్ మోగింది. నీళ్ల సంస్థ నంబరే. పిల్లకేమైందోనని గుండె గుభేలుమంది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ముందు ఒక నిట్టూర్పు. ఆ నిట్టూర్పు ఎక్కడో విన్నదే.

"ఎక్కడున్నావు?" అంది అవతలి గొంతు. "నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది. తలుపు గడియ పెట్టుకో. ఎవరు కొట్టినా తీయకు. నా గొంతుతో పిలిచినా సరే, తీయకు."

తల్లికి ఒళ్లంతా జలదరించింది. మనిషికి తన గొంతు తెలియకుండా ఉంటుందా! అది ఆమె గొంతే. ఆ ఆయాసం, ఆ సాగదీత, మాటకీ మాటకీ మధ్య గుటక, అన్నీ ఆమెవే.

"ఎవరు మాట్లాడేది?" అంది. అవతలి గొంతు మళ్లీ ఒకసారి నిట్టూర్చి ఆగిపోయింది.

తను పోయిందేమో అన్నది ఆమెకి వచ్చిన మొదటి ఆలోచన. పోయి, అక్కడినుంచి తనకే ఫోన్ చేసుకుంటోందేమో. గబగబా అద్దం దగ్గరికి వెళ్లింది. మొహం ఉంది. చెయ్యి గిల్లుకుంటే నొప్పి పుట్టింది. కానీ పోయినవాళ్లకి నొప్పి ఉండదని ఎవరు చూసొచ్చారు? స్టవ్ కట్టకుండా పోయి ఉంటానా అని వంటింట్లోకి పరుగెత్తి చూసింది. కట్టే ఉంది. అక్కడికి కాస్త ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఎంతోసేపు నిలవలేదు. గోడవతలి ఇంట్లో ఫోన్ మోగింది. ఆ తర్వాత కిందింట్లో. ఆపైన పైయింట్లో. మెట్లెక్కుతున్నట్టు ఒక్కో అంతస్తులో ఫోన్లు మోగుతూ పోయాయి, ఒక్కొక్కటే ఆగిపోయాయి. తల్లి గోడకి చెవి ఆనించింది. గోడ లోపలినుంచి సన్నగా ఆమె గొంతే వినపడింది: "...నా గొంతుతో పిలిచినా సరే, తీయకు."

తర్వాత గడియలు పడిన చప్పుడు. ఠక్. ఠక్. ఠక్. భవనమంతా గడియలే.

తల్లి పిల్లిలా నడుచుకుంటూ వెళ్లి తలుపు సందు చేసుకుని చూసింది. వసారాలో ఎవరూ లేరు. లిఫ్ట్ వచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, లోపల ఎవరూ లేరు, మళ్లీ మూసుకున్నాయి. ఎదురింటి టైలరమ్మ తలుపు కూడా సందుగా ఉంది. ఆ సందులో ఒక కన్ను, దాని కింద మెడలో కొలతల టేపు.

"ఎవరది?" అంది టైలరమ్మ గుసగుసగా. ఆమె చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"నేనేనమ్మా," అంది తల్లి.

సరిగ్గా ఆ క్షణంలోనే ఫోన్లోంచి కూడా ఆమే నిట్టూర్చింది. టైలరమ్మ ఫోన్ వంక చూసింది, ఎదురుగా ఉన్న మనిషి వంక చూసింది. టేపు తలుపులో ఇరుక్కున్నా లెక్కచేయకుండా ధడాలున మూసేసింది. లోపల బీరువా జరుపుతున్న చప్పుడు వినపడింది.

తల్లి కూడా గడియ పెట్టుకుని, ఓ గ్లాసు నీళ్లు పట్టుకుంది. నోటి దగ్గర పెట్టుకోగానే మళ్లీ ఫోన్.

"ఆ నీళ్లు తాగకు!" అంది ఆమె గొంతు. "రంగు చూశావా? నాకు అనుమానంగా ఉంది. పారబొయ్యి."

తల్లి గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అందుకే ఇంకా భయం వేసింది. తొట్టిలో ఒంపేసింది. మరుక్షణం గోడల్లోపల గొట్టాలన్నీ గడగడలాడాయి. పైన, కింద, పక్కన ఎంతమంది పారబోస్తున్నారో, ఏదో పెద్ద జంతువు భవనాన్ని మింగుతూ గుటకలేస్తున్నట్టుంది.

ఇంకాసేపటికి మూడోసారి మోగింది. "ఎవరు ఫోన్ చేసి ఏం చెప్పినా నమ్మకు. ఎంత మర్యాదగా మాట్లాడితే అంత మోసమని గుర్తుపెట్టుకో. నేను చెబితే తప్ప ఎవరి మాటా వినకు."

అది ముగిసిన వెంటనే నాలుగో ఫోన్ వచ్చింది. ఈసారి వేరే గొంతు, సన్నగా, తేనె పూసినట్టు: "గౌరవనీయులైన వినియోగదారులకు నమస్కారం. ఇంతకుముందు వచ్చిన సందేశాలు పొరపాటున..."

"అమ్మో, ఎంత మర్యాదో!" అని తల్లి టక్కున కట్ చేసింది. భవనంలో ఆ ఫోన్ ఎత్తిన ప్రతివాళ్లూ అదే పని చేశారు. తల్లి తన ఫోన్‌ని తువ్వాల్లో చుట్టి, దుప్పట్ల మధ్య దూర్చి, అలమారాకి తాళం వేసింది. కిటికీలోంచి చూస్తే ఎదుటి భవనాలకి కూడా తెరలు దించేసి ఉన్నాయి. వీధిలో కుక్క కూడా లేదు. బస్ స్టాప్ బల్లమీద ఎవరో కంగారులో వదిలేసిపోయిన ఫోన్ మంచులో దానంతటదే మోగుతోంది.

అప్పుడు తలుపు చప్పుడైంది.

"అమ్మా, తలుపు తియ్యి. నేనే."

తల్లి ఊపిరి బిగబట్టింది. నేనే అని ఎవరైనా అంటారు.

"నేనంటే?"

"బుజ్జినమ్మా!"

"బుజ్జి ఆఫీసులో ఉంది."

"ఆఫీసునుంచే వచ్చాను."

"అంత పని నెత్తిన పెట్టుకుని మా బుజ్జి మధ్యలో వచ్చే రకం కాదు. నువ్వెవరో గానీ వెళ్లిపో తల్లీ."

"అమ్మా, కొంప మునిగింది. తియ్యి!"

"ఎవరొచ్చినా తీయొద్దని చెప్పింది."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."

బయట గుసగుసలు వినపడ్డాయి. తర్వాత ఒక మగగొంతు మెల్లగా దగ్గింది. "అమ్మగారూ, నమస్కారమండీ. నేను మీ అమ్మాయి పై అధికారిని. దయచేసి ఒక్క నిమిషం..."

"మర్యాదగా మాట్లాడుతున్నాడు," అని తల్లి కుర్చీ తెచ్చి తలుపుకి అడ్డం పెట్టింది. "నువ్వు మా బుజ్జివే అయితే, చిన్నప్పుడు నువ్వు దేనికి భయపడేదానివో చెప్పు చూద్దాం."

"నేను దేనికీ భయపడలేదు! భయపడిందంతా నువ్వే! బల్లికి నువ్వే, లిఫ్టుకి నువ్వే, నేను తుమ్మితే నువ్వే, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని నువ్వే! నా ప్రాణం తోడేస్తున్నావే అమ్మా, తీస్తావా తీయవా?"

ఆ విసుగు లోకంలో ఇంకే దయ్యానికీ రాదు. తల్లి కుర్చీ లాగేసి గడియ తీసింది. కూతురి కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్కన పెద్దసారు, టై పక్కకి పోయి, నుదుటిమీద చెమటతో నిలబడి ఉన్నాడు.

సంగతి మెట్లు దిగుతూ చెప్పింది కూతురు. గొంతులు కొత్త కంప్యూటర్లోంచి సరిగ్గా పలుకుతాయో లేదో ముందుగా పరీక్షించాలి. సంస్థ వాళ్ల అసలు గొంతులు ఆఖరి రోజుదాకా చేతికి రాలేదు. ఆమె ఫోన్‌నిండా మాత్రం తల్లి వదిలిన గొంతు సందేశాలే, కావలసినన్ని. వాటినే పెట్టి పరీక్షించింది. అన్నీ గణగణ పలికాయి. అసలు మార్పిడికి ముందు వాటిని తీసేస్తే సరిపోయేది.

"తీసేద్దామని చెయ్యి పెట్టాను. సరిగ్గా అప్పుడే నువ్వు ఫోన్ చేశావు."

"అంటే నా వల్లేనా?"

కూతురు రెండేసి మెట్లు దాటుకుంటూ దిగింది. తిట్టినా బాగుండేది అనుకుంది తల్లి.

"ఫోన్లు ఆపేశామండీ," అన్నాడు పెద్దసారు. "ఆగనిది జనం. ఊరంతా నీళ్లు పారబోసింది. నీళ్లు బాగున్నాయని ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. మీరు చెబితే తప్ప వినొద్దని మీరే చెప్పారు కదా. మధ్యాహ్నం పైవాళ్లు వస్తారు. అప్పటికీ ఊరు నీళ్లు ముట్టకపోతే, కొత్త కంప్యూటర్ని మూలన పడేసి మీ అమ్మాయిని ఇంటికి పంపమంటారు. ఆపడం నావల్ల కాదు."

తల్లి కారెక్కింది.

దారి పొడుగునా ఊరు ఊపిరి బిగబట్టి కూర్చుంది. దుకాణాలు సగం తెరిచి వదిలేసి ఉన్నాయి. ప్రతి కిటికీలో తెర కొంచెం జరిగి మళ్లీ సర్దుకుంటోంది. గుమ్మాల ముందు పారబోసిన నీళ్లు వీధంతా నల్లగా మెరుస్తున్నాయి. ఆఫీసు ముందు మలుపులో ఒక పోస్ట్‌మాన్ మంచులో సైకిల్ తొక్కుకుంటూ ఎదురొచ్చాడు. ఈ ఊళ్లో ఫోన్ లేని మనిషి ఈయనొక్కడే కాబోలనుకున్నారు కారులోవాళ్లు. తల్లి అలవాటుగా అద్దం దించి, "జాగ్రత్త నాయనా, నేల తడిగా ఉంది!" అంది.

ఆయనకీ ఫోన్ ఉంది. ఆ గొంతు చెవిన పడగానే సైకిల్ అక్కడే వదిలేసి, సంచి నెత్తిన పెట్టుకుని మంచులోకి పరుగెత్తాడు.

"అమ్మా, అద్దం ఎత్తు," అంది కూతురు నీరసంగా.

ఆఫీసు లోపల చలి. కొత్త కంప్యూటర్లు గాజు గదిలో వరసగా నిలబడి, చిన్న చిన్న దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ, ఎవరో గుండెలమీద చెయ్యేసుకుని మూలుగుతున్నట్టు రొదపెడుతున్నాయి. పక్క గదిలో ఫోన్ల దగ్గరున్నవాళ్లంతా ఒకే మాట అంటున్నారు: "తాగొచ్చండీ... నేనాండీ? నేను ఇక్కడ ఉద్యోగినండీ... లేదండీ, ఆవిడని కాదండీ."

తల్లిని మైకు ముందు కూర్చోబెట్టారు. కాగితం మీద మూడే ముక్కలు రాసిచ్చారు. నీళ్లు మంచివి. తాగండి. ఏమీ కాదు.

"నీళ్లు మంచివే," అంది తల్లి. "తాగండి. ఏమీ కాదు... కాదనే అంటున్నారు వీళ్లు. అయినా కాచుకుని తాగితే పోయేదేముంది?"

పెద్దసారు తల పట్టుకున్నాడు. "ఉన్నది ఉన్నట్టు చదవండమ్మా."

"నీళ్లు మంచివి. తాగండి. ఏమీ కాదు. ఒకవేళ ఏమైనా అయితే మాత్రం..."

"అమ్మా!"

ఎన్నిసార్లు చెప్పినా అదే వరస. ఏమీ కాదు అన్న మాట ఆమె నోట ఇంతవరకూ తోకలేకుండా వచ్చింది లేదు. అది అబద్ధమని కాదు. అలా అన్న మరుక్షణమే ఏదో అవుతుందని ఆమె నమ్మకం. కూతురు గోడ గడియారం వంక చూస్తోంది. పిల్ల మెడ దగ్గర నరం కొట్టుకోవడం తల్లికి కనపడుతూనే ఉంది.

"బాబూ, ఆ నీళ్లు నువ్వు చూశావా?" అని పెద్దసారుని అడిగింది.

"పరీక్షలన్నీ చేయించామండీ."

"పరీక్షల సంగతి కాదు. తాగావా అని."

పెద్దసారు తన బల్లమీదున్న కొనుక్కున్న నీళ్ల సీసాని మెల్లగా కాగితాల వెనక్కి జరిపాడు. తల్లి చూసింది. కూతురే లేచి వెళ్లి కొళాయి దగ్గర ఓ గ్లాసు పట్టుకొచ్చింది.

"నేను తాగుతానమ్మా. చూసి చెప్పు."

గ్లాసు పెదాల దగ్గరికి వెళ్లేలోపే తల్లి గభాలున లాక్కుంది. కళ్లు మూసుకుంది. గటగటా సగం తాగేసింది. అందరూ ఆమె మొహం వంకే చూస్తున్నారు. ఆమె కడుపు మీద చెయ్యేసుకుని కూర్చుంది, ఎక్కడినుంచో అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గినట్టు. తల్లి కళ్లు తెరిచింది. మిగిలిన సగం కూతురి చేతికిచ్చింది. కూతురు తాగింది. తల్లి పిల్ల మొహం నుంచి చూపు తిప్పకుండానే మైకుని దగ్గరికి లాక్కుంది.

"నేనే మాట్లాడుతున్నా," అంది. "పొద్దున్నించీ మీకు ఫోన్ చేసింది నేనే. అవి మీకోసం కాదు, మా అమ్మాయికోసం. ఇప్పుడే ఆ నీళ్లు నేను తాగాను. మా అమ్మాయికి కూడా నా చేత్తో ఇచ్చాను. నా బిడ్డకి ఇచ్చానంటే ఇక మీరే అర్థం చేసుకోండి. తలుపులు తీసుకోండి. ఎవరి పనులు వాళ్లు చూసుకోండి. నేల తడిగా ఉంది, మెల్లగా నడవండి. ఉంటాను."

"మధ్యలో ఆ నేల సంగతి..." అని నసిగాడు పెద్దసారు.

"ఉండనివ్వండి సార్," అంది కూతురు. "అది లేకపోతే మా అమ్మని ఎవరూ నమ్మరు."

ఊరంతా మరోసారి మోగింది. ఈసారి ఎవరూ మధ్యలో పెట్టెయ్యలేదు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే ఒక ఇంటి తెర లేచింది, తర్వాత మరొకటి. పోస్ట్‌మాన్ వచ్చి సైకిల్ లేవదీసుకున్నాడు. గాజు గదిలోని దీపాల వరస పక్కన, ఊళ్లో ఎంత నీళ్లు వాడుతున్నారో చూపించే గీత అట్టడుగునుంచి మెల్లగా పైకి లేచింది. దాన్ని చూసి పెద్దసారు కొనుక్కున్న సీసా పక్కనపెట్టి, కొళాయి దగ్గరికెళ్లి ఓ గ్లాసు పట్టుకుని, తల్లి వంక ఒకసారి చూసి తాగాడు.

మధ్యాహ్నం పైవాళ్లు వచ్చేసరికి ఊరు మామూలుగానే ఉంది. మార్పిడి సాఫీగా జరిగిందని పెద్దసారు చెప్పాడు. జనం కొంచెం ఆలస్యంగా అలవాటుపడ్డారని మాత్రం అన్నాడు. కూతురి ఉద్యోగం ఖాయమైంది. తల్లి గొంతు సందేశాలన్నిటినీ కూతురు స్వయంగా, ఫోన్ ఆపేసుకుని మరీ, కొత్త కంప్యూటర్లోంచి ఒక్కటీ మిగలకుండా తీసేసింది. అసలావిడ తేనె గొంతు తన చోటుకి తను వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న మంచు విడిచి ఎండ కాసింది. కూతురు నిశ్చింతగా ఆఫీసు మెట్లెక్కుతుంటే లోపల ఫోన్లన్నీ కలిసి మోగుతున్నాయి. పై ప్రాణాలు పైనే పోయి, పరుగెత్తుకెళ్లి దగ్గర్లో ఉన్నది ఎత్తింది.

"సరఫరా ఆగిపోయిందమ్మా," అంది అవతల ఒక ముసలి గొంతు.

"నీళ్లు రావడం లేదాండీ?"

"నీళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయి. ఆవిడే రాలేదు. ఎప్పుడనగా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. జాగ్రత్తగా వెళ్లమని చెప్పేవాళ్లు లేకుండా ఎలా కదలను?"

రెండో ఫోన్ టైలరమ్మది. బీరువా మళ్లీ తన చోటుకి జరుపుకోవచ్చో లేదో ఆవిడ చెబితేగానీ జరపదట. మూడో ఫోన్ కాస్త కోపంగా వచ్చింది. ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా, ఉంటే ఇంతసేపైనా చెయ్యలేదేం అని. ఆ రోజంతా వచ్చిన ఫిర్యాదులన్నీ కూతురు కొత్త కంప్యూటర్లోకే ఎక్కించింది. అన్నీ సరఫరా ఆగిందన్నవే, ఒక్కటి కూడా నీళ్ల గురించి కాదు.